సైన్స్ ఫిక్షన్‌ని మనం ఏమని పిలుద్దాం?

శ్రోతలకు నమస్కారం.

మన శ్రీకాకుళంలో కథలకో ఇల్లుంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం. తెలుగులో అచ్చయిన కథ ఏదైనా అక్కడికి చేరాలన్నది ఆయన కోరిక. ఆ బీరువాల మధ్య నిలబడితే నాకో సందేహం వస్తుంటుంది. రోబోలూ, కాలంలో వెనక్కి ప్రయాణాలూ, వేరే గ్రహాల మనుషులూ ఉండే కథని మనం ఏమని పిలవాలి? సైన్స్ ఫిక్షన్ అంటే అందరికీ తెలుస్తుంది. వైజ్ఞానిక కల్పన అంటే ‘అదేటండీ?’ అంటారు.

ముందు ఆ ఇంగ్లీషు మాట సంగతి చెబుతాను, అందులో రేడియో ఉంది కాబట్టి. హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అని, లగ్జెంబర్గ్‌లో పుట్టి అమెరికా వెళ్లిన మనిషి. న్యూయార్క్‌లో వైర్‌లెస్ సామాన్లు అమ్మాడు, రేడియో పత్రికలు నడిపాడు, 1925లో ఏకంగా రేడియో స్టేషనే పెట్టాడు. 1926లో ఇలాంటి కథల కోసమే ఒక పత్రిక తెచ్చి, వాటికి ‘సైంటిఫిక్షన్’ అని పేరు పెట్టాడు. పలకబోతే నాలుక మడతపడుతుంది. ఆ పత్రిక చేజారాక 1929లో ఇంకోటి పెట్టి, ఈసారి ‘సైన్స్ ఫిక్షన్’ అన్నాడు. అదే నిలిచింది. అయితే ఆ మాట పుట్టింది అప్పుడు కాదు. 1851లోనే విలియం విల్సన్ అనే ఆయన, సైన్స్ చెప్పిన నిజాలను కథలో అల్లడం అన్న అర్థంలో వాడాడు.

ఇటలీ వాళ్లు 1952లో ‘ఫాంతాషెంత్సా’ అన్నారు. ముందు ఊహ, తర్వాత సైన్స్. బెంగాలీల ‘కల్పవిజ్ఞాన్’దీ అదే వరస. మరాఠీలో ‘విజ్ఞాన కథ’. జయంత్ నార్లీకర్ లాంటి ఖగోళ శాస్త్రవేత్తే రాశాక ఆ పేరుకి వేరే సాక్ష్యం ఎందుకు? చైనా మాట ‘కె-హ్వాన్’ నాకు భలే ఇష్టం. ‘కె’ అంటే సైన్స్, ‘హ్వాన్’ అంటే మాయ. ఆ రెంటినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టడానికి వాళ్లేం మొహమాటపడలేదు. జపాన్ వాళ్లు ఎస్.ఎఫ్. అని రెండు ఇంగ్లీషు అక్షరాలతో సరిపెట్టుకున్నారు.

మనకేమో రెండు మాటలతోనూ పేచీయే. ‘శాస్త్రం’ అనగానే వాస్తు, జ్యోతిషం కూడా లేచి నిలబడతాయి. ‘శాస్త్రీయ’ అంటే సంగీత కచేరీ గుర్తొస్తుంది. ‘కల్పన’ సంగతి మరీనూ. పిల్లాడు ఆలస్యంగా ఇంటికొచ్చి ఏదో చెబితే ‘కల్పించి చెప్పకు’ అని కసురుతాం. అదే పని కవి చేస్తే శాలువా కప్పుతాం.

మన పాత కవులు ఈ పేచీ ఎప్పుడో తీర్చారు. కావ్యంలో కథ మూడు రకాలన్నారు. లోకానికి తెలిసినది ప్రఖ్యాతం, కవి పుట్టించినది ఉత్పాద్యం, రెండూ కలిస్తే మిశ్రమం. 16వ శతాబ్దిలో రామరాజభూషణుడు వీటిని రత్నాలతో పోల్చాడు. ఉత్త కల్పన కృత్రిమ రత్నం, పాత కథ పుట్టు రత్నం, దానికి కవి కల్పన తోడైతే సానబట్టిన జాతిరత్నం. ఆయన మనసులో ఉన్నవి పురాణాలే. కానీ ఆ గనిలో పురాణానికి బదులు సైన్స్‌ని పెట్టి చూడండి. గురుత్వాకర్షణని ఎవరూ కల్పించలేదు, అది పుట్టు రత్నం. అది దాదాపు లేని చోట మన శ్రీకాకుళం పిల్ల తొక్కుడుబిళ్ల ఎలా ఆడుతుందో రాయడం సాన.

అందుకే నేను ‘వైజ్ఞానిక కల్పన’ వైపే. సైన్స్ ఫిక్షన్ అన్నా గొడవ లేదు. ఉత్త ‘సైన్స్ కథ’ అంటే మాత్రం ఒప్పుకోను. ఆర్కిమిడీస్ స్నానం చేస్తూ బయటికి పరుగెత్తడం కూడా సైన్స్ కథే కదా!

1910లో హేలీ తోకచుక్క కనబడితే కీడు తప్పదని జనం హడలిపోయారు. విజయనగరంలో గురజాడ మాత్రం అది భూమికి దూరపు చుట్టమనీ, దారినపోతూ చూడవచ్చిందనీ అన్నాడు. దాన్ని చూస్తూ, లోకమంతా ఒకే ఇల్లయ్యే కాలాన్ని ఊహించాడు. అది కవిత్వం, సైన్స్ ఫిక్షన్ అనను. అయినా చూడండి, తోకచుక్క నిజం, చుట్టరికం కల్పన.

ఆ చుట్టం 1986లో మళ్లీ వచ్చి వెళ్లింది. ఇంక రావడం 2061లోనే. ఆ రోజు విజయనగరం కోట దగ్గర నిలబడి దానికోసం తల ఎత్తే మనుషుల గురించి మీలో ఎవరైనా ఇప్పుడే రాయొచ్చు. రాసి అచ్చయితే ఒక కాపీ కథానిలయానికి పంపండి.

సెలవు.