యుద్ధం చేజారాక వచ్చిన రాజు

యాంకర్: అక్కా, పోయిన ఎపిసోడ్‌లో స్కాట్లాండ్‌లో జరిగిన షెరిఫ్‌ముయిర్ యుద్ధం దగ్గర ఆపాం. బ్రిటన్ సింహాసనం తనదేనన్న జేమ్స్ స్టువర్ట్ కోసం ఆయన మనుషులు పోరాడుతున్నారు, ఆయన మాత్రం అప్పటికి ఇంకా రానేలేదు.

అతిథి: రాలేదమ్మా. 1715 నవంబర్ 13న అక్కడ గెలుపెవరిదో తేలలేదు. మర్నాడే ఇంగ్లండ్‌లో, ప్రెస్టన్ దగ్గర ఆయన మనుషులు లొంగిపోయారు. ఆయన స్కాట్లాండ్ రేవు పీటర్‌హెడ్‌లో ఓడ దిగింది డిసెంబర్ 22న. పసిబిడ్డగా దేశం దాటించిన మనిషి, 27 ఏళ్లకు తొలిసారి స్కాట్లాండ్‌లో కాలుపెట్టాడు. కొద్ది రోజులకే ఫెటరెస్సోలో చలిజ్వరంతో మంచం పట్టాడు.

యాంకర్: అయ్యో! సైన్యం ఎదురుచూస్తోంది కదా?

అతిథి: చూస్తోంది, కానీ రోజురోజుకీ పలచబడుతోంది. హైలాండ్ వాళ్లు, అంటే స్కాట్లాండ్ కొండ ప్రాంతాల వాళ్లు, చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. అవతల గద్దె మీదున్న జార్జ్ రాజు సైన్యాన్ని నడిపే ఆర్గైల్ ప్రభువుకేమో హాలండ్ నుంచి డచ్ దళాలు వచ్చాయి. జేమ్స్ లేచి గ్లామిస్, డండీ మీదుగా, స్కాట్లాండ్ రాజులకు పట్టం కట్టే చోటైన స్కోన్ చేరాడు. జనవరి 23న పట్టాభిషేకం అనుకున్నారు. జరగలేదు.

యాంకర్: దాని బదులు ఊళ్లు తగలబెట్టారన్నారు...

అతిథి: అది చెప్పాలంటే నాకు గొంతు పట్టేస్తుంది. ఆర్గైల్ సైన్యానికి దారిలో నీడ, గడ్డి దొరకకూడదని జేమ్స్ పేరు మీదే ఆజ్ఞ వెళ్లింది. ఆక్టరార్డర్, క్రీఫ్, బ్లాక్‌ఫర్డ్, డన్నింగ్, మూథిల్, డల్‌రియోక్. నిండు మంచులో, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు చూస్తుండగానే ఇళ్లు కాలిపోయాయి. అంత చేసినా ఆర్గైల్ ఆగలేదు. దారిలో మంచు తవ్వించుకుంటూ వచ్చాడు.

యాంకర్: మరి వీళ్లు?

అతిథి: తమ స్థావరమైన పెర్త్ పట్టణం వదిలేశారు. టే నది గడ్డకట్టింది చూడు, జనవరి 31న ఆ మంచు మీదుగానే దాటారు. ఫిబ్రవరి 4న మాంట్రోజ్ రేవులో జేమ్స్ ఫ్రాన్స్ ఓడ ఎక్కాడు.

యాంకర్: ఆ ఊళ్ల మాటే ఎత్తలేదా?

అతిథి: ఎత్తాడు. శత్రువైన ఆర్గైల్‌కే ఉత్తరం రాశాడు. ఇళ్లు పోయినవాళ్లకు ఇవ్వమని కొంత డబ్బు కూడా వదిలి వెళ్లాడు. అందుకే ఆయన్ని రాతిగుండె మనిషి అనడానికి నాకు నోరు రాదు. కానీ ఆ ఆజ్ఞ మీద సంతకం ఆయనదే, దాన్ని నేను వదిలెయ్యలేను.

యాంకర్: వెళ్తున్నట్టు సైనికులకు చెప్పాడా?

అతిథి: లేదమ్మా, గుట్టుగా వెళ్లిపోయాడు. సైన్యం అబర్డీన్ చేరాక జనరల్ గోర్డన్ ఆయన ఉత్తరం చదివి వినిపించాడు. ఆపైన ఎవరి దారి వాళ్లది, ఆ చలిలో కొండల్లోకి.