ఒరెగాన్ దారిలో గూడు బండి కాపురం

శ్రోతలకు నమస్కారం.

1853 ఏప్రిల్ 9న అమెరికాలోని అయోవా నుంచి అమీలియా స్టూవర్ట్ నైట్ అనే ఇల్లాలు భర్తతో, ఏడుగురు పిల్లలతో పడమటి తీరాన ఉన్న ఒరెగాన్‌కు బండి కట్టింది. అయిదు నెలల పైచిలుకు సాగిన ఆ ప్రయాణంలో ఆమె దినచర్య రాసుకుంది. వాన, బురద, తడిసిన పక్కబట్టలు, చచ్చిపోయిన ఎడ్లు, ఇవే అందులో ఎక్కువ. సినిమాల్లో చూసే బాణాల వర్షం మాత్రం కనబడదు. నిజానికి ఈ దారిలో చాలామందికి మృత్యువు నీళ్ళలో ఉంది, బండి చక్రం కింద ఉంది.

ముందు బండి సంగతి. సుమారు పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పైన వంచిన బద్దలు, వాటి మీద అవిసె నూనె పట్టించిన మందపాటి గుడ్డ. స్ప్రింగులు లేవు, కూర్చుంటే ఒళ్ళు హూనం. అందుకే బరువు తగ్గించడానికైనా, నడుం కాపాడుకోవడానికైనా, పెద్దలూ పిల్లలూ చాలావరకు నడిచే వెళ్ళారు. రోజుకు దాదాపు 24 కిలోమీటర్లు. గుర్రాలకంటే ఎడ్లే మేలనుకున్నారు. ధర తక్కువ, మోటు గడ్డి తిని కూడా లాగుతాయి.

ఒక్కో పెద్ద మనిషికి 90 కిలోల గోధుమపిండి, 68 కిలోల ఉప్పువేసిన పందిమాంసం, తొమ్మిది కిలోల పంచదార, నాలుగున్నర కిలోల చొప్పున కాఫీ, ఉప్పు తీసుకెళ్ళమని ఆనాటి సలహా. ఎండకు కొవ్వు కరిగి కారిపోకుండా మాంసాన్ని తవుడులో పాతిపెట్టేవారు. గుడ్లను మొక్కజొన్న పిండిలో సర్దితే పగిలేవి కావు, గుడ్లు అయిపోయాక పిండి వంటకు పనికొచ్చేది. పొద్దున పితికిన పాలు మూతపెట్టి బండికి వేలాడదీస్తే, ఆ కుదుపులకే సాయంత్రానికి వెన్న తేలేది. కవ్వం పని లేదన్నమాట! కానీ ముచ్చటపడి ఎక్కించిన ఇనుప పొయ్యిలు, బీరువాలు ఎడ్లు నీరసించగానే దారిపక్కన దిగిపోయేవి.

ఎడ్లు విప్పితే మగవాళ్ళ నడక ఆగుతుంది. ఆడవాళ్ళకు అసలు పని అప్పుడే మొదలు. ప్లాట్ నది వెంబడి చెట్లు తక్కువ, కట్టెలు దొరకవు. మనం ఏరుపిడకలంటామే, అచ్చం అవే, అడవిదున్నలు వేసిన పేడ ఎండి బయలంతా పడి ఉండేది. నడుస్తూ నడుస్తూ వాటిని ఒళ్ళో ఏరుకునేవారు. గాలికి నిప్పు ఎగిరిపోకుండా నేలలో ఇరుకైన గాడి తవ్వి, అందులో రాజేసేవారు. ఇవి చురుగ్గా మండి తొందరగా అయిపోతాయి, ఒక్క పూటకే బోలెడు కావాలి. తడిస్తే అసలు అంటుకోవు. వాన పడిన రాత్రి చల్లటి తిండే గతి. రొట్టెలు కాల్చడానికి కాళ్ళున్న ఇనుప పాత్ర వాడేవారు. పైమూతకు అంచు ఉంటుంది, దాని మీదా నిప్పులు పోస్తే రెండువైపులా కాలుతుంది.

ప్లాట్ నీళ్ళు బురద. బకెట్లో కాసేపు తేరనిచ్చి వాడేవారు. ఆ తేట చూసి మోసపోయారు పాపం! 1849 నుంచి 1852 దాకా కలరా ఈ దారిలో వేలమందిని తీసుకుపోయింది. విడిది చేసిన చోటే మలమూత్రాలు, పక్కనే లోతులేని చెలమలు, వెనకొచ్చిన బళ్ళవాళ్ళూ అవే నీళ్ళు తాగడం. పొద్దున వాంతులు మొదలైన మనిషి రాత్రికి లేకపోవడం మామూలైపోయింది. కాఫీ కోసం మరిగించిన నీళ్ళు కొంత కాపాడాయి, కానీ ఎందుకో అప్పటికి ఎవరికీ తెలీదు. ఇంకా పడమటికి వెళితే చౌటి నీటి గుంటలు. ఆ నీళ్ళు తాగిన ఎడ్ల నోట్లో విరుగుడుగా పందికొవ్వు ముక్కలు కుక్కి, వెనిగర్ పోసేవారు.

పొడిగాలికి చక్రాల కొయ్య కుంచించుకుపోతుంది. ఇనుప పట్టా వదులై జారుతుంది. రాత్రంతా చక్రాలను ఏట్లో నానబెట్టాలి, లేదా పట్టా కింద చెక్క మేకులు దిగ్గొట్టాలి. ఇరుసుకు కందెనగా తారు, కొవ్వు కలిపిన బకెట్ బండి వెనక వేలాడేది.

కదిలే బండి మీంచి దూకడం పిల్లలకు సరదా. 1844లో కేథరిన్ సేగర్ అనే అమ్మాయి దూకబోతే గౌను గొడ్డలి పిడికి చిక్కుకుంది, చక్రం కాలి మీంచి పోయి ఎముక విరిగింది. అమీలియా చిన్న కొడుకు ఛాట్ కూడా బండిమీంచి పడ్డాడు, చక్రం వెంట్రుకవాసిలో తప్పింది. కూతురు లూసీని ఒకసారి విడిదిలోనే మరిచిపోయారు. ఇంకో బండిలో ఉందిలే అనుకున్నారు. వెనకొచ్చినవాళ్ళు తెచ్చి అప్పగించారు.

ఇన్ని రాసిన అమీలియా ఒక్క మాట మాత్రం ఎక్కడా రాయలేదు. ఒంట్లో బాగోలేదని తరచూ రాసుకుంది గానీ, తాను గర్భవతినని చివరిదాకా చెప్పలేదు. సెప్టెంబరులో దారి పక్కనే ఎనిమిదో బిడ్డ పుట్టింది. కొద్దిరోజులకే పచ్చిబాలింతగా కొలంబియా నది దాటింది. చిన్న పడవ, దోనె, బల్లకట్టు, అన్నీ వాడి సామాను చేరవేయడానికి మూడు రోజులు పట్టింది. అవతలి ఒడ్డున భర్త రెండు జతల ఎడ్లు ఇచ్చి కొంత భూమి తీసుకున్నాడు. అందులో అరెకరం బంగాళాదుంపల చేను, కిటికీలు లేని చిన్న దుంగల ఇల్లు ఉన్నాయి.