వాలీ షియర్స్ అనే ఎలక్ట్రీషియన్ గురించి

ఐటీఐ విద్యార్థులకు, మాస్టార్లకు నమస్కారం. పిల్లలకు స్ఫూర్తి కలిగేలా మాట్లాడమని ప్రిన్సిపాల్ గారు నాకు చెప్పారు. స్ఫూర్తి సంగతేమో గానీ, మీ ట్రేడు మనిషే ఒకాయన ఉన్నాడు, ఆయన కథ చెబుతాను.

పేరు వాలీ షియర్స్. 1889లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టాడు. న్యూ సౌత్ వేల్స్‌లో నరండెరా అనే చిన్న ఊళ్లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక 1915లో సైన్యంలో చేరితే గుర్రపు దళంలో వేశారు. వైర్లు లాగే మనిషికి గుర్రం ఎందుకు ఇచ్చారో, సైన్యం లెక్కలు సైన్యానివి! తర్వాత ఆయన ఆస్ట్రేలియా విమాన దళం ఒకటో స్క్వాడ్రన్‌కు మారి ఎయిర్ మెకానిక్ అయ్యాడు. ఆ స్క్వాడ్రన్ ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతాల్లో యుద్ధం చేసింది.

అప్పటి విమానమంటే కొయ్య చట్రం, దానిమీద బిగించిన గుడ్డ, మధ్యలో తీగలు, ముందు ఒక ఇంజిన్. అందుకే వడ్రంగిని రెక్కల పనికి, మోటారు మెకానిక్‌ని ఇంజిన్ పనికి తీసుకునేవారు. కరెంటు పని తెలిసినవాడికి మాగ్నెటో ఉండనే ఉంది. బ్యాటరీ లేకుండా, ఇంజిన్ తిరుగుతుంటేనే కరెంటు పుట్టించి స్పార్క్ ప్లగ్గుకు అందించేది అదే. ఎడారి ఇసుక ఎక్కడైనా దూరిపోతుంది. పొద్దున విమానం లేవాలంటే రాత్రంతా ఎవరో ఒకరు కూర్చుని అవన్నీ విప్పి తుడవాలి.

ఆ స్క్వాడ్రన్‌లోనే జిమ్ బెనెట్ అని మరో మెకానిక్, రాస్ స్మిత్ అనే పైలట్ ఉన్నారు. 1918 చివర్లో వీళ్లు ముగ్గురూ, ఇంకొందరితో కలిసి, పెద్ద హ్యాండ్లీ పేజ్ విమానంలో కైరో నుంచి కలకత్తా వచ్చారు. కాబట్టి షియర్స్ మన దేశానికి కొత్తవాడు కాదు.

1919లో ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ పది వేల పౌండ్ల బహుమతి ప్రకటించాడు. ఆస్ట్రేలియన్లే ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు 30 రోజుల్లో ఎగిరి రావాలి. రాస్, అతని అన్న కీత్, మన ఇద్దరు మెకానిక్‌లు వికర్స్ విమీ అనే విమానంలో నవంబర్ 12న లండన్ దగ్గర హౌన్స్‌లో నుంచి బయల్దేరారు. రెండు రోల్స్ రాయిస్ ఈగిల్ ఇంజిన్లు, ఒక్కోదానికి 12 సిలిండర్లు, సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు. లెక్కేయండి, మొత్తం 48. విమానం కింద దిగాక పైలట్లకు దొరల విందులు ఉండేవి. మెకానిక్‌లకు పెట్రోలు డబ్బాలు, ఆ 48 ప్లగ్గులు!

దారిలో ఢిల్లీ, అలహాబాద్, కలకత్తాల్లో ఆగారు. కలకత్తాలో లేస్తుండగా గద్ద వచ్చి ప్రొపెల్లర్‌కు తగిలింది. సయాంలోని (ఇప్పటి థాయ్‌లాండ్) సింగోరాలో తోక కింది ఊతం విరిగితే, వడ్ల మిల్లులో ఉన్న లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద, కూలీలు చేత్తో చక్రం తిప్పుతుంటే, బెనెట్ కొత్తది తయారుచేశాడు. స్పేర్ పార్టు లేదని పని ఆపే అవకాశమే లేదు వాళ్లకు. జావాలోని సురబాయలో బురదలో చక్రాలు దిగబడ్డాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెదురు తడకలు తెచ్చి దారి పరిస్తేగానీ విమానం కదల్లేదు.

డిసెంబర్ 10న డార్విన్‌లో దిగారు. 27 రోజుల 20 గంటలు పట్టింది. అదే పోటీలో బయల్దేరిన మరో నలుగురు చనిపోయారు. ఆ రోజుల్లో వెనక సీటులో కూర్చున్న మెకానిక్‌కు టెన్షన్ లేదనుకోకండి. రాత్రి తను బిగించిన నట్టు మీదే పగలు తన ప్రాణం ఆధారపడి ఉంటుంది.

తర్వాత రాస్, కీత్‌లకు సర్ బిరుదులు వచ్చాయి. మెకానిక్‌లకు వాళ్ల ఎయిర్ ఫోర్స్ మెడల్‌కు ఒక బార్ (అదే మెడల్ రెండోసారి వచ్చిందని చెప్పే పట్టీ) చేర్చారు. నాకైతే ఈ తేడా నచ్చదు. అయితే ఆ పది వేలను నలుగురూ సమానంగా పంచుకున్నారు. అది రాస్ స్మిత్ గొప్పతనం.

1922 ఏప్రిల్ 13న ప్రపంచాన్ని చుట్టే ప్రయత్నానికి ముందు చేసిన పరీక్షలో, ఇంగ్లండ్‌లో, విమానం కూలి రాస్, బెనెట్ ఇద్దరూ చనిపోయారు. కీత్ 1955లో పోయాడు. విమీని 1957లో లారీల మీద అడిలైడ్‌కు తెస్తుంటే నిప్పంటుకుంది. బాగుచేసి నిలబెట్టారు, ఇప్పటికీ అక్కడి విమానాశ్రయంలో ఉంది. నలుగురిలో అప్పటికి మిగిలింది షియర్స్ ఒక్కడే. 1968 దాకా బతికాడు.

సరే, మాటలు చాలు. పాత స్కూటరు మాగ్నెటో ఒకటి తెచ్చాను. ముందు వరుసలో వాళ్లు దగ్గరికి రండి, విప్పి చూద్దాం.