పడవకూ కారుకూ ఒక పత్రిక ఉండేది

శ్రోతలకు నమస్కారం.

విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల పాత పేపర్లు కొనే కొట్లకు వెళ్తే ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "న్యూస్ పేపరు తీసుకుంటాం, నోటు పుస్తకాలు తీసుకుంటాం, ఆ నున్నటి పుస్తకాలు మాత్రం వద్దు బాబూ" అంటారు. మెరిసే కాగితం మీద రంగుల బొమ్మలతో అచ్చయ్యే పత్రికల గురించే ఆ మాట. ఆ కాగితం బరువైతే తూగుతుంది గానీ బజ్జీల నూనె పీల్చదు. శనగల పొట్లం కడితే మడత నిలవదు. ఇక కొట్టువాడికి దానితో ఏం పని? అలా ఎవరికీ అక్కర్లేక మూలన పడే కట్టల్లో కార్ల పత్రికలు, మోటారు సైకిళ్ల పత్రికలు ఎప్పుడూ ఉంటాయి. కొన్న రోజున ఇంట్లో చీవాట్లు తినిపించేంత ఖరీదైనవి అవి.

ఆ పత్రికల గురించే ఈ రోజు మాట్లాడబోతున్నాను. బొమ్మలు చూపించలేని రేడియోలో కూర్చుని బొమ్మల పత్రికల గురించి చెప్పడం కొంచెం విడ్డూరమే, కానీ ఈ మాట ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. ఈ పత్రికలు ఒక్కొక్కటిగా ఆగిపోతుంటే పనిముట్ల పెట్టెలోంచి ఒక్కో స్పానరు మాయమవుతున్నట్టు ఉంది నాకు.

ముందు వాటి వయసు చూడండి. ఇంగ్లండులో ఆటోకార్ అనే పత్రిక 1895 నవంబరులో మొదలైంది. అప్పటికి ఆ దేశం మొత్తం మీద తిరిగే కార్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొనేవాళ్లే లేని వస్తువుకు పత్రిక పెట్టారన్నమాట! 1928లో ఆ పత్రికవాళ్లే ఒక ఆస్టిన్ సెవెన్ కారును తీసుకుని, పద్ధతి ప్రకారం నడిపి, కొలిచి, ఫలితాలు అచ్చు వేశారు. రోడ్డు పరీక్ష అనేదానికి అదే నాంది అని చెప్పుకుంటారు. తరవాతి కాలంలో ఈ పరీక్షలు ఎంత దూరం వెళ్లాయంటే, కారు వెనక సైకిలు చక్రం లాంటి ఐదో చక్రాన్ని ఒకదాన్ని బిగించి దాని ద్వారా వేగం కొలిచేవారు. కారులోని స్పీడోమీటరు అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి దాన్ని నమ్మేవారు కాదు. కంపెనీ చెప్పిన అంకె ఒకటి, ఐదో చక్రం చెప్పిన అంకె మరొకటి. పాఠకుడు డబ్బు పెట్టి కొన్నది ఆ రెండింటి మధ్య తేడాను.

మన దేశంలో ఇది చాలా ఆలస్యంగా వచ్చింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. అంబాసిడర్, ఫియట్ తప్ప మూడో కారు దాదాపు లేని రోజుల్లో పరీక్ష చేసి ఎవరికి చెప్పాలి? డబ్బు కట్టి వంతు కోసం ఎదురు చూడటమే తప్ప ఎంచుకునే పని లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కొంత కదలిక వచ్చింది. 1998లో శాంత్రో, మాటిజ్, ఇండికా ఒకే ఏడాది బయటికి వచ్చేసరికి మధ్యతరగతి ఇంటాయనకు జీవితంలో మొదటిసారి ఏ కారు కొనాలన్న సందేహం కలిగింది. ఆ సందేహమే పత్రికలకు పెట్టుబడి. ఓవర్‌డ్రైవ్ 1998లో, ఆటోకార్ ఇండియా 1999లో ఊరికే పుట్టలేదు.

అవన్నీ ఇంగ్లీషులోనే వచ్చేవి. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాటిని చందా కట్టి తెప్పించుకునేవారు తక్కువే గానీ, ఒక్క ప్రతిని చదివేవారు మాత్రం పదిమంది ఉండేవారు. డాక్టరుగారి ఇంట్లో మొదలై, కాంపౌండరు చేతి మీదుగా, ఆయన బావమరిది ద్వారా మెకానిక్ షెడ్డుకు చేరేది. షెడ్డులో కుర్రాళ్లకు ఇంగ్లీషు రాకపోయినా బొమ్మలు వచ్చు. విప్పదీసిన ఇంజను బొమ్మలో పిస్టన్, గజన్ పిన్, రింగులు, కనెక్టింగ్ రాడ్డు గాలిలో వరసగా తేలుతున్నట్టు గీసి ఉంటే, ఏది ఏ వరసలో బిగించాలో చెప్పడానికి మాస్టారు అక్కర్లేదు. అలాంటి బొమ్మలు చూసి పని పట్టుకున్నవారు నా క్లాసులో పాఠం విని పట్టుకున్నవారికి ఏమీ తీసిపోలేదు.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి కాస్త అవతల నా పాత విద్యార్థి ఒకడు మోటారు సైకిళ్ల షెడ్డు నడుపుతున్నాడు. గోడకు మేకు కొట్టి, ప్లాస్టిక్ కవరులో ఒక పేజీని వేలాడదీశాడు. ఏదో పత్రికలోంచి చింపిన వైరింగు పటం అది. నలుపు గీతలతో అచ్చయిన పటం మీద ఎర్ర బాల్‌పెన్నుతో హారన్ తీగ, ఆకుపచ్చ పెన్నుతో బ్రేకు లైటు తీగ దిద్ది ఉన్నాయి. కవరు కింది మూలంతా గ్రీజు వేలిముద్రలు. "ఇది ఫోనులో దొరకదా?" అని అడిగాను. "దొరుకుతుంది మాస్టారూ, కానీ రెండు చేతులకూ గ్రీజు ఉన్నప్పుడు ఫోను తెర జరపడం కుదరదు. చూస్తూ ఉండగానే ఆరిపోతుంది కూడా" అన్నాడు. పత్రికల గురించి పెద్దలు రాసిన సంతాప వ్యాసాల్లో ఎక్కడా ఇంత సూటి మాట నాకు కనబడలేదు.

ఇంతగా పనికొచ్చేవి ఎందుకు పోతున్నాయి? జనానికి చదివే అలవాటు తగ్గింది అనేస్తారు చాలామంది. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. మెరిసే కాగితం మీద అచ్చయ్యే పత్రికకు అట్ట మీది ధరతో ఖర్చు గిట్టుబాటు కాదు. మిగతాదంతా ప్రకటనలు మోయాలి. పెద్ద కంపెనీల రంగుల పేజీలు ఒక పక్క, 'అమ్మబడును' అనే చిన్న చిన్న ప్రకటనలు మరో పక్క. చిన్న ప్రకటనలే ముందు పోయాయి. ఇంగ్లండులో 1977లో మొదలైన ఆటో ట్రేడర్ నిండా పాత కార్ల అమ్మకం ప్రకటనలే ఉండేవి. 2000 జనవరిలో దాని ప్రతులు 3 లక్షల 68 వేలు. 2013 మార్చి నాటికి అవి 27 వేలకు పడిపోయాయి. అదే ఏడాది జూనులో అచ్చు ఆపేశారు. కంపెనీ మాత్రం దివాలా తీయలేదు, ఆ వ్యాపారమంతా ఇంటర్నెట్‌కు మార్చుకుని ఇంకా పెద్దదైంది. పాత కారు అమ్మేవాడికి ఫోటో, ధర, ఫోను నంబరు కనబడితే చాలు. వారం ఆగి, కాగితం కొని చూడాల్సిన అవసరం ఏముంది?

తరవాత రంగుల పేజీలూ అదే దారి పట్టాయి. 2019 డిసెంబరులో అమెరికాలో మోటార్ ట్రెండ్ సంస్థ తన 22 అచ్చు పత్రికల్లో 19 ఆపేస్తున్నామని ఒకే ప్రకటనలో చెప్పింది. మిగిల్చుకున్నవి మోటార్ ట్రెండ్, హాట్ రాడ్, ఫోర్ వీలర్ అనే మూడు మాత్రమే. ఆగిపోయినవాటిలో 1986 నుంచి వస్తున్న ఆటోమొబైల్ కూడా ఉంది. పడవలకు వస్తే, 1907లో పుట్టిన మోటర్ బోటింగ్ రెండు ప్రపంచ యుద్ధాలనూ దాటుకుని వచ్చి 2011లో అచ్చు ఆపేసింది.

పత్రికల తప్పు కూడా కొంత ఉంది, దాన్ని దాచను. కంపెనీవాళ్లు విమానం టికెట్టు, మంచి హోటల్లో గది ఇచ్చి, కొత్త కారు చేతికిచ్చి రెండు గంటలు నడుపుకోమంటే, వెళ్లి వచ్చినవాడు ఏం రాస్తాడు? సీట్లు మెత్తగా ఉన్నాయని రాస్తాడు. పోను పోను కొన్ని పత్రికల్లో ప్రతి కారూ మంచి కారే అయిపోయింది. ఐదో చక్రం బిగించి కంపెనీ అంకెను తప్పు పట్టిన పత్రిక, కంపెనీ కరపత్రం స్థాయికి దిగితే, ఆ కరపత్రం షోరూములో ఉచితంగానే దొరుకుతుంది. పైగా వెనక పేజీల్లో వేసే ధరల పట్టిక మన ఊరు చేరేసరికి ఆ ధరలు మారిపోయి ఉండేవి.

ఫోను వల్ల జరిగిన మేలును కూడా చెప్పుకోవాలి. ఇంజను కొట్టుకునే చప్పుడును ఏ పత్రికా అచ్చు వేయలేదు. ట్యాపెట్ చప్పుడుకూ బిగ్ ఎండ్ బేరింగు చప్పుడుకూ తేడా చెప్పడానికి నేను తరగతిలో బల్ల మీద కొట్టి చూపించేవాడిని, పిల్లలు నవ్వేవారు. ఈ రోజు కుర్రాడు వీడియోలో ఆ రెండూ వింటున్నాడు, అదీ తెలుగులో. ఈ విషయంలో నేను పత్రికల పక్షం వహించలేను.

అయితే ఇప్పటికీ నిలబడి ఉన్న పత్రిక ఒకటి ఉంది. 1974లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మొదలైన వుడెన్ బోట్. చెక్క పడవలకు మాత్రమే పరిమితం. అందులో వార్తలకన్నా పని ఎక్కువ. పలక ఎలా వంచాలి, కీలుకు, అంటే పడవ అడుగున వెన్నెముకలా ఉండే దూలానికి, ఏ కర్ర వాడాలి, అతుకుల్లో ఏం దట్టించాలి, ఇవీ దానిలోని విషయాలు. వార్త వారానికి పాతబడుతుంది, పలక వంచే పద్ధతి ముప్పై ఏళ్లకైనా పాతబడదు. కొన్నవారు పారేయరు, బీరువాలో వరసగా పేర్చుకుంటారు.

దాచుకోవడం అంటే మనవాళ్లకు చెప్పాలా? శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయితే అక్కడి నుంచి ఆ పత్రికను తెచ్చి భద్రపరచాలని పూనుకున్నారు. ఎప్పుడో ఆగిపోయిన వారపత్రికలు, మాసపత్రికలు అక్కడ అట్టలతో సహా దొరుకుతాయి. కథకు ఆ అదృష్టం పట్టింది. కార్బురేటరుకు పట్టలేదు. రాజ్‌దూత్, ఎజ్డీ బళ్ల గురించి ఆ రోజుల్లో ఏం రాశారో, ఏ లోపాలు పట్టారో చూద్దామంటే ఇక్కడ ఏ గ్రంథాలయంలోనూ వరస దొరకదు. ఇప్పుడు ఆ పాత బళ్లను బాగుచేసి ముచ్చటగా నడుపుకుంటున్న కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. వారికి కావలసిన పేజీ ఏ కొట్టు మూలన పడి ఉందో ఎవరికి తెలుసు?

ఇక అసలు నన్ను గుచ్చే సంగతికి వస్తాను. పడవల పత్రికలు ఆగిపోతున్నాయని అమెరికాలో, ఇంగ్లండులో బాధపడుతున్నారు. వారికి పోవడానికైనా ఒకటి ఉంది. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా మన శ్రీకాకుళం తీరం సుమారు 193 కిలోమీటర్లు. పక్కన విజయనగరానికి భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో మరో 28. ఒకప్పుడు తెప్పలు, తెరచాప నావలు ఉన్న ఈ తీరంలో ఇవాళ ఫైబరు పడవలు, వాటి వెనక బిగించిన మోటార్లు. ఇన్ని మోటార్లు ఉన్నచోట, వాటి గురించి తెలుగులో క్రమం తప్పకుండా వచ్చే పత్రిక ఒక్కటి కూడా నా చేతికి ఎన్నడూ రాలేదు. విదేశీ పత్రికల్లో ఉన్నదంతా షికారు పడవల గొడవ. అలల మధ్య నుంచి పడవను ఇసుక మీదికి లాగే మనిషికి అందులో ఒక్క పేరా కూడా పనికిరాదు.

చెప్పవలసినవి లేవా అంటే బోలెడు ఉన్నాయి. వేట నుంచి వచ్చాక మోటారును మంచినీటితో కడిగి లోపలి ఉప్పు పోగొట్టాలి. లేకపోతే నీటి దారులు పూడిపోతాయి. మోటారు నడుస్తున్నంతసేపూ పక్క నుంచి సన్నటి నీటిధార పడుతూ ఉండాలి. అది బలహీనపడిందంటే నీళ్లు తోడే రబ్బరు రెక్కలు అరిగాయని గానీ ఇసుక చేరిందని గానీ అర్థం. ఆ ధార ఆగినా నడిపిస్తే పిస్టన్ పట్టేస్తుంది, తీరం కనబడని చోట. టూ స్ట్రోక్ మోటారుకు నూనె ఏ పాళ్లలో కలపాలో దాని పుస్తకంలో ఇంగ్లీషులో ఉంటుంది, ఆ పుస్తకం మోటారుతో పాటు ఇంటికి వచ్చిన రోజే కనబడకుండా పోతుంది. ఒక మోటారు పాళ్లు మరో మోటారుకు సరిపోవు. సముద్రం మధ్యలో ఫోనుకు సిగ్నల్ ఉండదు కాబట్టి వీడియో అక్కడ అక్కరకు రాదు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, వలలు అల్లుతారు, పెళ్లిళ్లు చేస్తారు, మోటార్లు విప్పి బాగుచేసుకుంటారు. ఆ రెండు నెలల ముందు ఏడాదికి ఒక్కసారి, 32 పేజీల పుస్తకం ఒకటి వస్తే చాలు. మెరిసే కాగితం వద్దు, తడికి ఆగే గట్టి కాగితం కావాలి. అక్షరాలు పెద్దవిగా, బొమ్మలు అక్షరాలకన్నా ఎక్కువగా ఉండాలి. ఏ కంపెనీ మోటారు ఎన్నేళ్లు నిలిచిందో, ఎక్కడ విడిభాగాలు దొరకడం లేదో భావనపాడులో, కళింగపట్నంలో, బారువలో మత్స్యకారులనే అడిగి వారి మాటల్లోనే వేయాలి. ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడుగుతారు. మోటార్లు అమ్మేవారు, నూనెలు అమ్మేవారు, ఫైబరు పడవలు కట్టేవారు ఒక్కో పేజీ ప్రకటన ఇస్తే అచ్చు ఖర్చు వస్తుంది. ప్రకటన ఇచ్చినవారి మోటారులో లోపం ఉంటే అదీ రాస్తామని ముందే చెప్పాలి, అందుకు ఒప్పుకోనివారి డబ్బు తీసుకోకూడదు. అచ్చు వేసే బాధ్యత ఎవరైనా తీసుకుంటే, మోటారు విప్పి బొమ్మలు గీయించి, పాఠాలు రాసి ఇచ్చే పని నాది. జీతం అక్కర్లేదు. గీసే చెయ్యి ఒకటి కావాలి, నా గీతలు బడిపిల్లల కన్నా అన్యాయం.

నమస్కారం.