ఇది మన సినిమాయేనా?

శ్రోతలకు నమస్కారం.

2024 నవంబర్‌లో ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ సినిమాకు వెళ్లాను. లైట్లు ఆరగానే తెర మీద కంపెనీల పేర్లు రావడం మొదలైంది. ఫ్రాన్స్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్... ఒకదాని వెనుక ఒకటి. పక్క సీట్లో ఉన్న పెద్దాయన నా వైపు వంగి, “ఇది మన సినిమాయేనాండీ?” అని అడిగారు. ఈలోగా కథ మొదలైపోయింది. ముంబైలో పనిచేసే ఇద్దరు మలయాళీ నర్సులు, వాళ్ల ఆసుపత్రిలో ఒక వంటమనిషి. ఆ నర్సుల్లో ఒకామె భర్త జర్మనీలో ఉంటాడు. మాటాపలుకూ లేదు. ఒకరోజు మాత్రం జర్మనీలో తయారైన రైస్ కుక్కర్ ఒకటి ఇంటికి వస్తుంది. పంపినవాళ్ల పేరు ఉండదు.

పెద్ద హీరో ఉంటే షూటింగ్ పూర్తికాకముందే ఏరియాల వారీగా హక్కులు అమ్ముడుపోతాయి. ఫైనాన్షియర్ ధైర్యంగా అప్పిస్తాడు. ఇద్దరు నర్సుల కథను నమ్మి అప్పిచ్చేదెవరు? చిన్న సినిమా దర్శకులు పరాయి దేశాల తలుపు తట్టేది ఇందుకే.

అక్కడ సినిమాకు ప్రభుత్వ నిధులున్నాయి. ఫ్రాన్స్‌లో సీఎన్‌సీ అనే సంస్థ ఇతర దేశాల దర్శకుల సినిమాలకు కూడా సాయం చేస్తుంది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ చిత్రోత్సవం వాళ్ల హ్యూబర్ట్ బాల్స్ ఫండ్ 1988 నుంచి ఇలాంటి కథలకు చేయూతనిస్తోంది. అయితే సీఎన్‌సీ సాయం కావాలంటే ఫ్రాన్స్‌కు చెందిన నిర్మాత ఒకరు మీతో కలవాలి. ఏ దేశం డబ్బైనా, కొంత ఆ దేశంలోనే ఖర్చు పెట్టాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. అది వాళ్ల ప్రజల సొమ్ము కదా, అడగడం న్యాయమే. ఎడిటింగ్, సౌండ్, కలర్ లాంటి పనులు ఇలా తలో ఊరికి వెళ్తుంటాయి. ఈ సినిమా ఎడిటర్ కూడా ఫ్రెంచ్ ఆయనే, క్లెమాన్ పాంతో.

కాబట్టి ముందు వెతకాల్సింది మనిషిని. డబ్బు తర్వాతి సంగతి. దర్శకురాలు పాయల్ కపాడియాకు పారిస్‌లో ‘పెతీ కావో’ అనే చిన్న సంస్థ తోడైంది. అంతకుముందు ఆమె తీసిన డాక్యుమెంటరీకి కూడా వాళ్లే నిర్మాతలు. 2021లో అది ఫ్రాన్స్‌లో జరిగే కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి గెలిచింది. చిన్న సినిమాతో కుదిరిన నమ్మకం మీద పెద్ద సినిమా నిలబడిందన్నమాట. ఈ విషయం మన కుర్రాళ్లకు గట్టిగా చెప్పాలనిపిస్తుంది. మొదటి పరిచయంలోనే బడ్జెట్ కాగితం చేతిలో పెడితే ఎవరైనా బెదురుతారు.

ఆ తర్వాత ఒప్పందం. “పొత్తుల మగడు పుచ్చి చచ్చె” అని మనవాళ్ల సామెత. అందరిదీ అయిన పని ఎవరికీ పట్టకుండా పోతుంది. అందుకే ఎవరి వాటా ఎంత, ఏ దేశంలో అమ్మే హక్కు ఎవరిది, చివరి ఎడిట్ మీద ఆఖరి మాట ఎవరిది అన్నవన్నీ ముందే కాగితం మీద పెట్టుకోవాలి. ఆఖరి మాట దర్శకుల చేతిలోంచి జారిపోతే, ఎంత డబ్బు వచ్చినా ఆ పొత్తు వద్దంటాను నేను.

ప్రభుత్వాల మధ్య కూడా సహనిర్మాణ ఒప్పందాలు, అంటే రెండు దేశాల నిర్మాతలు కలిసి సినిమా తీసేందుకు ఒప్పందాలుంటాయి. భారత్, ఫ్రాన్స్‌ల మధ్య అలాంటిది ఉంది. దాని కింద ఈ సినిమాకు అధికారిక సహనిర్మాణ హోదా దక్కింది. మనదేశంలో పెట్టిన అర్హమైన ఖర్చులో 30 శాతం ప్రోత్సాహకానికి కేంద్రం మధ్యంతర ఆమోదం కూడా ఇచ్చింది.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది కానీ, దీనికి ఏళ్లు పడతాయి. ఒక కమిటీ కాదంటే స్క్రిప్టు తిరగరాసి ఇంకో కమిటీ కోసం ఎదురుచూడాలి. ఈలోగా నటుల డేట్లు పోతాయి, అనుకున్న వానాకాలం దాటిపోతుంది. ఆ టెన్షన్ భరిస్తూ కథ మీద ప్రేమ నిలుపుకోవడమే అన్నిటికన్నా కష్టం.

2024 మే నెలలో ఈ సినిమా కాన్‌లో రెండో అతిపెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ గెలిచింది. అక్కడి ప్రధాన పోటీలో మన సినిమా నిలబడి అప్పటికి 30 ఏళ్లు. అయినా ఆస్కార్‌కు మనదేశం తరఫున దీన్ని పంపలేదు. భారతదేశంలో జరిగే యూరప్ సినిమాలా ఉందని ఎంపిక సంఘం అభిప్రాయపడిందని వార్తలొచ్చాయి. నాకు చాలా బాధనిపించింది. డబ్బు ఏ దేశానిదైనా ఆ నర్సుల మాట, అలసట, అద్దె గది మనవే.

మనదేశంలో దీన్ని థియేటర్లకు తెచ్చింది రానా దగ్గుబాటి సంస్థ స్పిరిట్ మీడియా. ఇలాంటి పొత్తులు కలిపే చోటు కూడా దగ్గర్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ 2007 నుంచి గోవాలో నడుపుతున్న, ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్న ఫిల్మ్ బజార్‌లో సహనిర్మాణాల కోసమే ఒక విభాగం ఉంది. తెలుగు స్క్రిప్టులు అక్కడికి ఇంకా ఎక్కువగా వెళ్లాలని నా ఆశ.

ఆ రోజు సినిమా అయ్యాక పెద్దాయన, నేను కలిసే మెట్లు దిగాం. ఇది ఏ దేశం సినిమా అని ఆయన మళ్లీ అడగలేదు. దారంతా ఆ కుక్కర్ గురించే మాట్లాడారు. తమ్ముడు మస్కట్ నుంచి పంపిన మిక్సీ ఒకటి వాళ్లింట్లో పదేళ్లుగా అట్టపెట్టెలోనే ఉందట.