దొరల బియ్యం, బానిసల రోకలి

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఆంగ్లేయుల తొలి వలసలు అనగానే వర్జీనియా పొగాకు గుర్తొస్తుంది. ఇవాళ ఇంకాస్త దక్షిణానికి, వరి పండిన చోటికి పోదాం.

1663లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ఎనిమిదిమంది ప్రభువులకు కరోలినాను రాసిచ్చేశాడు. అప్పటికే అక్కడ ఉంటున్నవాళ్లని ఎవరూ అడగలేదనుకోండి. 1670లో యాష్లీ నది ఒడ్డున చార్లెస్ టౌన్ వెలిసింది. తొలితరంలో చాలామంది బార్బడోస్ దీవి నుంచి వచ్చినవాళ్లే. అక్కడి చెరకు తోటల్లో కొత్తవాళ్లకు జాగా లేక ఇటు వచ్చారు. సామానుతో పాటు బానిసల్నీ, వాళ్లని అణిచిపెట్టే చట్టాల్నీ తెచ్చుకున్నారు.

మొదట్లో జింక తోళ్లు, గొడ్డు మాంసం, తారు అమ్ముకున్నారు. 1690ల నాటికి వరి కుదిరింది.

బానిసలు మడమతో నేల నొక్కి, ఆ గుంటలో గింజ వేసి, పాదంతోనే మట్టి కప్పేవాళ్లు. దంచడానికి దుంగను తొలిచిన రోలు, రెండు కొసలా పనికొచ్చే రోకలి. గడ్డిని చుట్టలు చుట్టలుగా అల్లిన వెడల్పాటి బుట్ట మన చేట పని చేసేది. పొలం పని అయ్యాక కూడా దంపుడు తప్పేది కాదు. గోధుమ, బార్లీ తప్ప ఎరగని ఇంగ్లండ్ రైతుకు ఇవన్నీ ఎక్కడ తెలుసు? పడమటి ఆఫ్రికాలో, గాంబియా, సియెర్రా లియోన్ తీరాల్లో తరతరాలుగా వరి పండించి, బానిసలుగా ఇటు వచ్చిపడ్డవాళ్లకు తెలుసు. ఆ విద్యలో ఎంత భాగం ఆఫ్రికాదన్న దానిపై చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు ఆ రోలూ రోకలీ చాలు.

1708 నాటికే దక్షిణ కరోలినాలో తెల్లవాళ్ల కంటే నల్లవాళ్లు ఎక్కువ. ఎండలు ముదిరితే దొరలు చలిజ్వరానికి భయపడి పట్నం చేరేవాళ్లు, మళ్లీ మంచు పడ్డాకే రావడం. బానిసలకు రోజుకు ఇంత అని, తరచు పావెకరం, పని కొలిచి ఇచ్చేవాళ్లు. అది ముగిస్తే మిగిలిన పొద్దు వాళ్లది. సొంత కూరపాదులు పెట్టుకునేవాళ్లు. అలా దొరలకు దూరంగా, ఇంగ్లిషు మాటలూ ఆఫ్రికా పలుకుబడీ కలిసి గల్లా భాష పుట్టింది.

1739 సెప్టెంబరు 9, ఆదివారం. స్టోనో నది దగ్గర కొందరు బానిసలు తుపాకులు చేజిక్కించుకుని, స్వేచ్ఛ దొరుకుతుందన్న స్పానిష్ ఫ్లోరిడా వైపు నడిచారు. తిరుగుబాటును నెత్తురులో ముంచేశారు. మరుసటి ఏడు వచ్చిన చట్టం బానిసలకు రాత నేర్పడాన్నే నేరం చేసింది.

తర్వాత మడులు ఆటుపోట్లు తగిలే నదుల ఒడ్డుకు మారాయి. గట్టులో నీళ్లు వదలడానికి మనం తూము పెడతాం కదా, అక్కడివాళ్లు దాన్ని ‘ట్రంక్’ అన్నారు, అంటే చెట్టు మాను. మొదట్లో బోలు మానునే గట్టులో పూడ్చి బిరడా బిగించేవాళ్లు మరి. పలకల తలుపులు వచ్చినా పేరు మారలేదు. వరి ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఆ ట్రంకులు వలస బాతుల కోసం నీళ్లు నిలుపుతున్నాయి.