టేపు ఎక్కడ అరిగింది?

(విజయవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. వాళ్లంతా మీకు తెలిసినవాళ్లే కాబట్టి చీటీ జేబులో పెట్టేస్తున్నాను, ఏమనుకోకండి.

ఇవాళ డీవీడీ పెట్టి వేస్తున్నది గస్ వాన్ శాంట్ తీసిన 'ఎలిఫెంట్'. 2003లో కాన్ చిత్రోత్సవంలో అక్కడి అత్యున్నత బహుమతి పామ్ దోర్, ఉత్తమ దర్శకుడి బహుమతి రెండూ కొట్టేసింది. 1999 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు కుర్రాళ్లు తోటి పిల్లల్ని కాల్చి చంపారు కదా, దాన్ని మనసులో పెట్టుకుని అల్లిన కథ. కథంటే పెద్దగా ఏమీ ఉండదు. పిల్లలు వరండాల్లో నడుస్తుంటారు, కెమెరా వాళ్ల వీపుల వెనకే పోతుంటుంది. ఒకే క్షణాన్ని ముగ్గురి వైపు నుంచి మూడుసార్లు చూపిస్తాడు. బోర్ కొట్టొచ్చు. కొట్టనివ్వండి.

నేను ఈ ఊళ్లోనే వీడియో లైబ్రరీ నడిపినవాణ్ని. వీసీఆర్ కూడా అద్దెకిచ్చిన రోజులవి. తిరిగొచ్చిన క్యాసెట్ వేసి చూస్తే, తీసుకెళ్లినవాళ్లు ఏ సీను మీద పడ్డారో తెలిసిపోయేది. ఒకేచోట వెనక్కి తిప్పి తిప్పి చూస్తే టేపు అరిగి, బొమ్మ మీద తెల్ల గీతలు పడేవి. 1989లో 'శివ' వచ్చింది. తీసిన రామ్‌గోపాల్ వర్మ మన ఊళ్లో ఇంజనీరింగ్ చదివినవాడే. మా షాపులో ఆ క్యాసెట్ మొత్తం శుభ్రంగా ఉండేది, సైకిల్ చైన్ తెంపే చోట తప్ప. అక్కడ నాగార్జున గారు కనపడేవారు కాదు, గీతలే!

ఒక సాయంత్రం ఒకాయన కొడుకు రెక్క పట్టుకుని షాపుకొచ్చారు. వాడు టెన్త్. క్లాసులో ఎవర్నో కొట్టి తల పగలగొట్టాడట. "నీ క్యాసెట్లే మావాణ్ని చెడగొట్టాయి, షాపు మూయిస్తా" అంటూ రోడ్డు మీద జనం పోగయ్యేదాకా అరిచారు. నేను రిజిస్టర్ తీసి ముందు పెట్టాను. క్యాసెట్లన్నీ ఆయన పేరు మీదే, సంతకాలూ ఆయనవే. "సార్, దెబ్బలు తిన్న పిల్లాడి పేరేంటి?" అని అడిగాను. తెలీదు. "మీవాడు ఎందుకు కొట్టాడు?" తెలీదు. పక్కన తలొంచుకు నిలబడ్డవాణ్ని అడిగాను. "రోజూ నా టిఫిన్ డబ్బా బాత్‌రూమ్‌లో పడేస్తాడండీ" అన్నాడు. ఎన్నాళ్ల నుంచిరా? "దసరా సెలవుల ముందు నుంచి." అప్పటికి సంక్రాంతి దాటింది! అంత విన్నాక కూడా ఆయన నన్ను తిట్టడం ఆపలేదు సుమండీ. అద్దె బాకీ కట్టకుండానే వెళ్లిపోయారు. అది ఇంకా రావాలి.

ఎక్కడున్నాం? ఆఁ, 'ఎలిఫెంట్'. ఇందులో వెనక్కి తిప్పి చూసి మురిసిపోయే సీను లేదు. కాల్పులున్నాయి గానీ హీరో లేడు, దడదడలాడించే మ్యూజిక్ లేదు. అలెక్స్ అనే కుర్రాడి మీద క్లాసులో ఉమ్మితో తడిపిన కాగితం ఉండలు విసురుతారు. వాడు ఇంటికెళ్లి పియానో మీద బీతోవెన్ వాయిస్తాడు. తుపాకీ పార్సెల్లో ఇంటికే వస్తుంది. వాడి అమ్మానాన్నల ముఖాలు మనకు సరిగా కనపడవు కూడా. ఫలానా కారణం వల్ల జరిగిందని దర్శకుడు ఎక్కడా చెప్పడు. కొందరు విమర్శకులు దాన్నే తప్పుపట్టారు. నాకు అదే నచ్చింది. చెప్పేస్తే నెపం దాని మీదికి నెట్టేసి, ఇంటికెళ్లి హాయిగా పడుకుంటాం.

అమెరికాలో దీనికి ఆర్ రేటింగ్ ఇచ్చారు. అంటే 17 ఏళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతో వస్తేనే హాల్లోకి రానిస్తారు. 2004లో డీవీడీ వచ్చింది, మరి ఇంట్లో గేటు దగ్గర నిలబడేదెవరు? మన దగ్గరా 2021 నుంచి ఓటీటీలకు 13 ప్లస్, 16 ప్లస్ అని పెట్టారు. 2023లో చట్టం సవరించి హాల్లో సినిమాలకూ యూఏలోనే, అంటే పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్‌లోనే, 7, 13, 16 ఏళ్లని విడగొట్టారు. మంచిదే. ఆ అంకె చూసే తీరిక ఎవరికుంది? తెల్లారకముందే కాలేజీ బస్సు, రాత్రి దాకా స్టడీ అవర్. ఇంటికొచ్చినవాణ్ని "ఎన్ని మార్కులు" అని కాక ఇంకో మాట అడిగేవాళ్లు చేతులెత్తండి. వెనక వరసలో ఎత్తిన బాబూ, నీకు పెళ్లయిందా? దించు.

సరే, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క షరతు. రిమోట్ నా దగ్గరే ఉంటుంది. పార్సెల్ వచ్చే చోట సినిమా ఆపుతాను, తిట్టుకోకండి. పిల్లలతో వచ్చిన తండ్రులు ఒక్కొక్కరే లేచి, మీవాడి పేరు మీద ఆఖరిసారి వచ్చిన పార్సెల్లో ఏముందో చెప్పాలి. తెలీకపోతే పక్కనున్నవాణ్ని అడిగి చెప్పండి. ఆ తర్వాతే సినిమా ముందుకెళ్తుంది. లైట్లు తీసేయండి బాబూ.